కాప్రా నుండి బంగారు గడపకు

కాప్రా సికిందరాబాదునకు ఈశాన్యమున నున్న పాత పల్లె. ఇప్పుడు దానిని పల్లె యని పిలుచువారు లేరు. 1967లో ఎలక్ట్రానిక్సు కార్పొరేషను స్థాపితమై యిచ్చట కర్మాగారము వెలసినది మొదలు నలుదిక్కులనుండి ఉద్యోగులు వచ్చి చేరిరి. సైన్యమునందు పనిచేసి విరమించినవారు సైనికపురిలో ఇండ్లు కట్టుకొనిరి. 2007లో కాప్రా పురపాలకసంఘము బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసిపోయినది. ఇన్ని మార్పులలోను పాత పల్లెకు గురుతుగా నిలిచినది కాప్రా చెరువొక్కటి. దాని చుట్టును మేడలు లేచినవి. మురుగునీటి బాధయు తప్పలేదు. అయినను వానకారు వెళ్లిన పిమ్మట ఉదయవేళ గట్టుమీద నిలిచినచో, మనము మహానగరమున నున్నామన్న మాట గడియసేపు మఱపునకు వచ్చును.

ఊరికి దక్షిణముగా మౌలాలి గుట్ట యున్నది. ఆ గుట్ట క్రింద మాహ్ లఖా బాయి చందా యను ఉర్దూ కవయిత్రి సమాధి కలదు. ఆమె 1824లో మరణించెను. కవిత్వము చెప్పిన స్త్రీలు మా ప్రాంతమునకు క్రొత్తవారు కారని చెప్పుటకే యీ మాట వ్రాసితిమి.

సోదరీమణులారా! సైనికపురి ముసలమ్మల పెట్టెలలో పట్టుచీరల క్రింద జాబుల కట్టలుండును. మా యెరుకలోని వృద్ధురాలొకరు, తమ భర్తగారు సరిహద్దున నున్న కాలమున వ్రాసిన జాబులను నేటికిని సంవత్సరమునకొకసారి యెండబెట్టి, వేపాకు వేసి, తిరిగి కట్టగట్టి దాచుదురు. “ఎదురుగా ఉంటే ఆయన నాలుగు మాటలైనా ఆడేవారు కారమ్మా! జాబులో మాత్రం నాలుగు పేజీలు నింపేవారు” అని ఆమె తరచుగా చెప్పుచుందురు. నోరు తెఱవనివారిచేత మాటాడించు గుణము కాగితమున కున్నదని మాకు మొదట తెలిపినవారు ఆమెయే.

ఈ సంవత్సరము మా ఆడుబిడ్డ కుమార్తె కొన్ని నెలలు మాయింట నుండెను. ఇరువదినాలుగేండ్ల పిల్ల. వివాహము నిశ్చయమైన పిమ్మట ఆమెకు ఊపిరితిత్తుల క్షయ యని తేలినది. ఆ రోగము పేరు వినినంతనే మన పెద్దలకు గుండె జారును. పూర్వము అది ప్రాణాంతకమే. నేడు ఆరునెలలు మందు తప్పక మ్రింగినచో చాలమంది పూర్తిగా కోలుకొనుచున్నారు. మా మేనకోడలికిని నాలుగు నెలలు గడచునప్పటికి అంటు పోయినదనియు, నలుగురిలో తిరుగవచ్చుననియు వైద్యులు చెప్పిరి. దేహము కుదుటబడినది గాని మనస్సు కుదుటబడలేదు. ఏలయన, వరుని వారికి ఇంటి పెద్దలు జబ్బు మాట చెప్పక, వేఱొక కారణము చూపి ముహూర్తము వెనుకకు జరిపిరి. “పెండ్లి అయిన తరువాత తెలిస్తే తెలుస్తుంది” అనుట వారి మతము. వరుడు పూనాలో ఉద్యోగి. అతడు టెలిఫోనులో పలుకరించినప్పుడెల్ల పిల్ల రెండు మాటలాడి పెట్టివేయుచుండెను.

“చెప్పకుండా ఎట్లా తాళి కట్టించుకోను అత్తయ్యా? ఫోనులో మొదలుపెడితే గొంతు పూడుకుపోతోంది” అని ఒకనాటి రాత్రి మాతో ననెను. మేము వెంటనే ఉపదేశము చేయబోలేదు. “రేపు ఆదివారము. నాంపల్లిలో ఒక ఇల్లు చూచి వద్దము, రా” అంటిమి. సైనికపురి పెద్దమ్మగారును వత్తునని బయలుదేరిరి.

ముగ్గురమును ఈసీఐఎల్ కూడలిలో బస్సెక్కి సికిందరాబాదు చేరితిమి. అచ్చటి రైలుస్టేషను పాతది. వాడి జంక్షనునుండి వచ్చు నిజాము రైలుమార్గము 1874లో ఇక్కడికి వచ్చినది. ఈ మార్గమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. మన కథలోని జాబులన్నియు దీనివెంటనే నడచినవి. స్టేషను చెంతనే మెట్రో రైలెక్కి అమీరుపేటలో మారి నాంపల్లిలో దిగవచ్చును. దారిలో బేగంపేట వచ్చును. అచ్చటనే 1897 ఆగస్టు 20వ తేదీని రోనాల్డు రాస్ అను సైనికవైద్యుడు దోమ కడుపులో చలిజ్వరపు క్రిమి జాడను కనిపెట్టెను. ఆ సంతోషమున నతడు పద్యములు వ్రాసి తన భార్యకు జాబుతో పంపెనట. వ్యాధి శాస్త్రజ్ఞుని చేతిలోను కలము పెట్టి ఇంటికి జాబు వ్రాయించెనని పెద్దమ్మగారు నవ్విరి.

ఆ దినములలోనే, అనగా 1897వ సంవత్సరముననే, హైదరాబాదు పడుచొకతె సముద్రములకావల ఇంగ్లండునందుండి, వ్యాధితో పోరాడుచు, ఈ నగరమునకు జాబులు వ్రాయుచుండెను. ఆమె సరోజినీ చట్టోపాధ్యాయ. లోకము సరోజినీ నాయుడని యెఱిగిన మహనీయురాలు. మేము చూడబోయిన యిల్లు ఆమె కుటుంబమువారిదే.

నాంపల్లి స్టేషను రోడ్డున, దుకాణముల సందడి నడుమ ఆ యావరణమున్నది. దాని పేరు ‘గోల్డెన్ త్రెషోల్డు’. తెలుగున బంగారు గడప యనవచ్చును. 1905లో లండనున ప్రకటితమైన సరోజినీదేవి కావ్యసంపుటికి పెట్టిన పేరే యింటికిని నిలిచినది. ఆమె కుమార్తె పద్మజా నాయుడుగారు దీనిని విద్యాకార్యమునకై యిచ్చివేసిరి. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము మొదట ఈ గడపలోనే ప్రారంభమైనది. మేము గోడ చెంత నీడను నిలిచి, మేమెఱిగిన కథను మా మేనకోడలికి చెప్పితిమి. దానినే చదువరులకును నివేదించుచున్నాము.

సరోజినీదేవి 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదున జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు వంగదేశీయ బ్రాహ్మణులు. ఎడింబరోలో శాస్త్రము చదివి డాక్టరు పట్టము పొంది, ఇచ్చటికి వచ్చి, తరువాత నిజాము కళాశాల యైన విద్యాలయమును స్థాపించిరి. తల్లి వరదసుందరీదేవి వంగభాషలో గీతములు చెప్పినది. పిల్ల పండ్రెండవయేట మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గి పేరుగాంచెను. పదుమూడవయేట జబ్బుపడగా, పుస్తకము ముట్టరాదని వైద్యుడు కట్టడచేసెను. ఆ వైద్యునిమీది కోపముననే ఆమె రెండువేల పాదముల నాటక మొకటి వ్రాసెనట! ఆరోగ్యము అప్పటినుండి శాశ్వతముగా చెడినదనియు, బడిచదువు ఆగిపోగా చేతికందిన గ్రంథమునెల్ల చదివితిననియు ఆమెయే తరువాత తన మిత్రుడగు ఆర్థర్ సైమన్సు కవికి వ్రాసెను. అనగా, మంచమే ఆమెకు పాఠశాల యైనది.

పదునైదవయేట ఆమె మనస్సు డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడుగారియందు లగ్నమైనది. ఆయన మన తెలుగువారు, ఎడింబరోలో వైద్యము చదివి నిజాము సైన్యమున వైద్యాధికారిగా పనిచేసినవారు, వయసున పెద్ద. కులము వేఱు. ఈ సంబంధమునకు పిల్లవైపువారే గాక పిల్లవానివైపువారును ఒడంబడలేదు. 1895లో ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాను ప్రభుత్వము ప్రత్యేక విద్యార్థివేతన మీయగా, ఆమెను తన యిష్టమునకు వ్యతిరేకముగా ఇంగ్లండునకు పంపిరి. చదువు ఒక కారణము. ఎడబాటు రెండవ కారణము. దూరముననుండిన మఱచునని పెద్దల తలంపు.

ఆ దూర మెంతటిదో యిప్పటివారికి ఊహింపరాదు. లండనున వేసిన జాబు రైలున ఐరోపా దాటి, ఇటలీ రేవున ఓడనెక్కి, సూయజు కాలువగుండ బొంబాయి చేరి, అచ్చటనుండి రైలున వాడి మీదుగా ఇచ్చటికి రావలెను. ఇందుకు పక్షముపైన పట్టుచుండెను. తపాలా ఓడ వారమున కొకసారి. “ఎట్లున్నావు?” అని అడిగినచో “బాగున్నాను” అను ప్రత్యుత్తరము చేరునప్పటికి నెల దాటును. ఆ నెలలో బాగున్న మనిషి మంచమెక్కవచ్చును; మంచమున నున్న మనిషి లేచి తిరుగవచ్చును. అట్టి జాబులో అబద్ధమాడుట సులభము. అయినను నెలనాళ్లు ఎదురుచూచి విప్పిన కాగితమున అబద్ధ మున్నదని తెలిసిన, ఆ బాధయు నెలనాళ్లదియే యగును.

సరోజినీదేవి మొదట లండనున కింగ్సు కళాశాలలోను, పిమ్మట కేంబ్రిడ్జిలోని గిర్టను కళాశాలలోను చదివెను. అచ్చటి చలికిని, చదువునకును దేహము తాళలేదు. ఆరోగ్యము మఱల చెడి చదువు ఆగెను. నడుమ ఇటలీ దేశమునకు పోయి తిరిగి వచ్చెను. ఈ మూడేండ్లలో గోవిందరాజులుగారికి ఆమె వ్రాసిన జాబులలో కొన్ని, ఆమె యితర లేఖలతోగూడ 1996లో పుస్తకముగా వెలువడినవి. ఆంగ్లదేశపు కవులను, విమర్శకులను తాను కలిసికొన్న సంగతులు వానియందు కలవు. ఎడ్మండు గాస్ అను పండితుడు, ఇంగ్లండు పక్షులను పూలను వర్ణించుట మాని స్వదేశమును గూర్చి వ్రాయుమని హితము చెప్పినది ఈ కాలముననే. తాను చూచినదానిని, చదివినదానిని, తలచినదానిని ఒక పడుచు తన వరుడు కాగోరిన పురుషునితో సమానురాలై చెప్పుకొనుట ఆ దినములలో మన యిండ్ల నెన్నిట కలదు? పెండ్లిచూపులనాడు తల వంచుకొని, అడిగినదానికి మాత్రము బదులు చెప్పుటయే గదా కన్యాలక్షణమని యెంచిరి!

మన పురాణముల ననుసరించి చూచిన నిది తప్పుగాదు. రుక్మిణీదేవి అన్న కుదిర్చిన సంబంధము నొల్లక, బ్రాహ్మణునిచేత తన మాటగా శ్రీకృష్ణునకు వర్తమాన మంపెను. శకుంతల తాపముచే పూలపాన్పున పడియుండి, తామరాకుపై గోటితో లేఖ వ్రాసెను. ఈ కథలను మన యిండ్ల చదివించి, అర్థము చెప్పించి, పిమ్మట పిల్లచేతిలోని కలమును లాగికొనుట న్యాయముగాదు.

ఇటువంటి ఉదంత మింగ్లండునందును అర్ధశతాబ్దము ముందు జరిగినది. ఎలిజబెత్తు బారెట్టను కవయిత్రి చిన్ననాటినుండి రోగపీడితురాలై లండనునందు వింపోల్ వీథిలోని తండ్రియింట గది విడువక యుండెను. 1845 జనవరి 10న రాబర్టు బ్రౌనింగను కవి ఆమె కావ్యమును చదివి జాబు వ్రాసెను. నాలుగు నెలల పిమ్మటగాని ఒకరి నొకరు చూడలేదు. ఇరువది నెలలలో ఇరువురి నడుమ ఐదువందల డెబ్బదికి మించిన జాబులు నడచినవి. బిడ్డలలో నెవరికిని వివాహము కూడదని తండ్రి శాసనము. 1846 సెప్టెంబరు 12న రహస్యముగా పెండ్లాడి ఆమె భర్తతో ఇటలీకి పోయెను. కొడుకును గని, మఱి పదునైదేండ్లు జీవించెను. తండ్రి మాత్రము మఱల ఆమె మొగము చూడలేదు. ఆమె వ్రాసిన జాబులు విప్పక అట్లే దాచి, ఒకనాడు తిరిగి పంపివేసెను. వరుని జాబు విప్పినందువలన ఆ కవయిత్రికి బ్రదుకు దొరకినది. కూతురి జాబు విప్పనందువలన ఆ తండ్రికి కూతురే లేకపోయినది.

ఇచ్చట అఘోరనాథులవారు అట్లు చేయలేదు. మూడేండ్లు గడచినను, రోగము బాధించినను, కూతురి మనస్సు మాఱలేదని వారికి తేటపడినది. సరోజినీదేవి 1898 సెప్టెంబరులో హైదరాబాదునకు తిరిగి వచ్చెను. ఆ డిసెంబరు 2న మద్రాసునందు, 1872వ సంవత్సరపు మూడవ చట్టము ననుసరించి ఆ వివాహము జరిగినది. జరిపించినవారెవరో యెఱుగుదురా? మన కందుకూరి వీరేశలింగము పంతులవారు! 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము చేయించినవారు. స్త్రీలకొఱకు ‘సతీహితబోధిని’ పత్రికను నడిపినవారు. వంగదేశపు కన్యకు, తెలుగు వరునికి, కులములు వేఱైనను, వారు దగ్గఱనుండి పెండ్లి చేయించిరి. దేశమంతయు విడ్డూరముగా చెప్పుకొన్నది.

కాపురము హైదరాబాదున సాగెను. నలుగురు బిడ్డలు కలిగిరి. దేహపు నలత ఆమెను పెండ్లితో విడిచిపోలేదు. తరువాతను ఎన్నోసార్లు మంచమున పడవేసెను. ఆమె 1925లో కాన్పూరున కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించెను, చెఱసాలలకు పోయెను, స్వతంత్రము వచ్చిన పిమ్మట సంయుక్తరాష్ట్రమునకు గవర్నరై, ఆ పదవిలో నుండగానే 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూసెను. పదుమూడేండ్లకే ఆరోగ్యము చెడిన పిల్ల డెబ్బదియేండ్లు బ్రదికెను.

కథ విని మా మేనకోడలు చాలసేపు మాటాడలేదు. తరువాత, “ఆయన డాక్టరు కదా అత్తయ్యా! జబ్బు సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేదు” అనెను. ఆ మాట నిజమే. అదియే యీ కథలోని ముఖ్యమైన సంగతియని మాకును తోచినది. గోవిందరాజులుగారికి ఆమె కవిత్వమెంత తెలియునో ఆమె నలతయు నంతే తెలియును. తెలిసియే మూడేండ్లు వేచియుండిరి. దాపరిక మెక్కడను లేదు గనుక, పెండ్లినాడు క్రొత్తగా బయటపడవలసిన దేదియు లేకపోయినది.

పెద్దమ్మగారు అంతవఱకు వినుచుండి, “మా ఆయనకు కాలిలో గుండు దిగినప్పుడు మొదటి జాబులో రాయలేదు. రెండో జాబులో రాశారు. ఆ మొదటి జాబు చూస్తే ఇప్పటికీ నాకు కోపమే” అనిరి. మేము చెప్పదలచిన ఉపదేశము ఆమె యొక్క మాటతో ముగించిరి.

పిల్ల ఆ వారమే జాబు వ్రాసెను. మూడుసార్లు చింపి నాలుగవసారి ముగించెను. మేము చదువలేదు. ముందుగా తల్లిదండ్రులకు చెప్పి, “మీరు వద్దన్నా పంపుతాను, మీకు తెలియకుండా మాత్రం పంపను” అనెను. మా ఆడుబిడ్డ కంట నీరుపెట్టుకొనెను. బావగారు రెండు దినములు అన్నము సరిగా తినలేదు. మూడవనాడు ఆయనయే పైవిలాసము సరిచూచి, బిళ్ల అంటించి, తపాలాపెట్టెలో వేసి వచ్చిరి.

పండ్రెండవనాడు ప్రత్యుత్తరము వచ్చినది. అందులోని రెండు వాక్యములు మాత్రము పిల్ల మాకు చదివి వినిపించెను. మందు ఇంక నెన్నిదినములు మ్రింగవలెనని మొదటిది. రాత్రులు నిద్ర పట్టుచున్నదా యని రెండవది. ముహూర్తపు మాట అటుపిమ్మట నెక్కడనో యున్నదట. అది మేమడుగలేదు.

సోదరీమణులారా! మన యిండ్లలో ఆడపిల్ల వ్యాధి నేటికిని అపరాధమువలె దాచబడుచున్నది. మూర్ఛ యన్నను, క్షయ యన్నను, గుండెజబ్బు అన్నను తలుపులు మూసి గుసగుసలాడుదుము. పిల్లకొఱకే దాచుచున్నామని మన సమాధానము. కాని దాచిన వ్యాధితో అత్తవారింట అడుగిడిన పిల్ల మందు మ్రింగుటకును చాటు వెదకవలెను. చాటున మ్రింగు మందు ఒకనాడు తప్పును. తప్పిన మందువలన రోగము తిరుగబెట్టును. ఇది మేము కల్పించిన భయముగాదు. క్షయకు మందు నడుమ మానిన కలుగు కీడును వైద్యులందఱును చెప్పుదురు. కావున దాపరికము పరువు కాపాడునో లేదో కాని, ప్రాణమును మాత్రము కాపాడదు.

నోట చెప్పలేనిచో వ్రాయనిండు. కాగితము తొందరపెట్టదు, మాటకు అడ్డు రాదు, కంటనీరు చూచి మొగము త్రిప్పుకొనదు. చదివినవాడును వెంటనే బదులు చెప్పనక్కఱలేదు. ఒక రాత్రి ఆలోచించుకొని, తన మనస్సేమో తాను తెలిసికొని వ్రాయవచ్చును. ఆ యాలోచన తరువాత అతడు వద్దన్నచో, తాళి పడకముందే వద్దనుట మేలు. కావలెనన్నచో, ఆ కాగితమును పట్టుచీర క్రింద దాచుకొనవచ్చును.